ఇంజిన్ లైను కట్టుబాటు

పాత ఇంజిన్ లైను, కె.జి.ఎఫ్.
2 జూలై 2023, ఆదివారం

జూలమ్మకు మీ అప్ప రాసేది,

ఇక్కడ నేను, మీ అమ్మ, రెండు కోళ్లు బాగున్నాము. మూడో కోడి సంగతి అడగొద్దు, మీ నెల్సన్ మామ భోజనానికి వచ్చి పోయినాడు.

ఆదివారం ట్రైనింగ్ స్కూల్లో నీకు ఐదు నిమిషాలు ఫోను ఇస్తారు. అందులో నాలుగు నిమిషాలు నేను "ఆఁ? ఏమీ?" అనడానికే సరిపోతుంది. ఇరవై మూడేళ్లు గనిలో డ్రిల్లు మెషీను పట్టిన చెవులివి, వీటికి ఫోను పనికిరాదు. అందుకే జాబు. నీకు తెలుగు అక్షరాలు బైబిలు ముందర పెట్టి నేర్పించినందుకు ఇప్పటికి ఫలం దక్కింది.

పోయిన వారం పూజ అయినాక ఫాదరు నీ పేరు చెప్పి అందరి చేత చప్పట్లు కొట్టించినాడు. నాకు వినబడలేదు, మీ అమ్మ మోచేత్తో పొడిస్తే లేచి నిలబడినాను. ఈ గని కూలీల ఇళ్ల వరసలో, మన లైనులో, మొదటి పోలీసువి నువ్వే. మీ ముత్తాత చిత్తూరు పక్కనుంచి నడిచి వచ్చినప్పుడు పోలీసు టోపీ కనబడితే పొదల్లో దూరేవాడంట. ఈరోజు మన ఇంట్లోకే టోపీ వస్తోంది. నేను గర్వపడకూడదని ఫాదరు అన్నాడు. ఆయనకేమి, బిడ్డలు లేరు.

అయినా ఒక మాట. పోలీసులు లేనప్పుడు కూడా మన లైను దిక్కులేని లైను కాదు. సర్కారు దూరం, గని కంపెనీ వాచ్‌మన్లు దొంగల కంటే అన్యాయం. అందుకే మీ ముత్తాతల కాలంలో చర్చి పెద్దలు కూర్చొని కట్టుబాటు చేసినారు. కొళాయి దగ్గర వేలాడే రైలు కమ్మీ నీకు తెలుసు. ఎవరి మీదనైనా అనుమానం వస్తే దాన్ని గంట మాదిరి కొట్టాలి. కమ్మీ కొట్టినవాడు ఆ మనిషి చెయ్యి తానే పట్టుకోవాలి. పెద్దలు వచ్చేదాకా వదలకూడదు. పట్టుకున్నంతసేపు ఇంకొకరి చెయ్యి ఆ మనిషి మీద పడకూడదు. మా నాయన ఒక రాగి తీగల దొంగను పొద్దున పట్టుకొని సాయంత్రం దాకా వదల్లేదు. ఇద్దరూ ఒకే డబ్బాలో ముద్ద తిన్నారు. పెద్దలు వచ్చి విచారిస్తే దొంగ వాడు కాదని తేలింది. వాడి పెళ్లికి మా నాయన పోయి వచ్చినాడు.

ఈ మధ్య మీ మామ ఫోనులో వీడియోలు చూపిస్తున్నాడు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందంట. తెల్లవారితే మన కుర్రవాళ్లంతా రైలెక్కి బెంగుళూరు పనులకు పోతారు, లైనులో ముసలివాళ్లు, పిల్లలే మిగులుతారు. కాబట్టి పగటి కాపలా నాకు అప్పజెప్పినారు. నువ్వు అక్కడ, నేను ఇక్కడ, ఇద్దరమూ డ్యూటీలోనే ఉన్నాము.

మీ అప్ప,
సెబాస్టియన్


ట్రైనింగ్ స్కూలు
7 జూలై 2023

అప్పా,

కాపలా ఆఫీసరుగారికి ట్రైనీ కానిస్టేబుల్ జూలియా సెల్యూట్.

బూట్లు కరిచి మడమలు రెండూ బొబ్బలెక్కాయి. అయినా పరుగులో నేనే ముందు. మా మేడమ్ "ఎవరు నేర్పారు నీకు?" అంటే "మా మామ" అన్నాను. నిజమే కదా. ఏడాదంతా చీకటితో లేచి, స్టాప్‌వాచీ పట్టుకుని, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ చుట్టూ నాతో పరిగెత్తింది నెల్సన్ మామే. కోడిని తింటే తిననీ.

కానీ ఆ వీడియోలు నమ్మొద్దప్పా. ఎక్కడివో, ఎప్పటివో. మాకు క్లాసులో చెప్పారు, మామూలు మనిషి కూడా దొంగను పట్టుకోవచ్చు, కానీ వెంటనే పోలీసులకు అప్పగించాలి. ఎవరైనా కొత్తవాళ్లు కనిపిస్తే 112కి ఫోను చేయించు. నీ కమ్మీకి ఈ వయసులో విశ్రాంతి ఇవ్వు.

తాత ముద్ద పంచుకున్న కథ మా గదిలో అందరికీ చెప్పాను. నా పక్క మంచం వీణది ముళబాగిలు. "మీ తాత మా ఊళ్లో పుట్టి ఉండాల్సింది" అంది.

జూలియా


ఇంజిన్ లైను
12 జూలై 2023

జూలమ్మకు,

చెప్పేది నేను, రాసేది మీ అమ్మ. బాత్రూములో జారి పడినాను, కుడి చెయ్యికి కట్టు కట్టినారు. కంగారు పడొద్దు.

నీ జాబు సోమవారం వచ్చింది. ఒకరోజు ముందర వచ్చి ఉంటే బాగుండేది. ఆదివారం మధ్యాహ్నం లైనులోకి కొత్తమనిషి వచ్చినాడు. చేతిలో సంచి, వెనకాల ఏడెనిమిది మంది పిల్లలు. వాళ్లకు బుడగలు ఇస్తున్నాడు. నేను కమ్మీ కొట్టినాను. వాడి చెయ్యి పట్టుకున్నాను. ఆదివారం కాబట్టి కుర్రవాళ్లంతా ఇంట్లోనే ఉన్నారు, నలభై మంది వచ్చినారు. మన కట్టుబాటు ప్రకారం అంతా జరిగిపోయింది. వాడు ఇంక ఈ పక్కకు రాడు.

(ఇది రాయనంటే రాయమని కూర్చున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, అంతే. — అమ్మ)

నువ్వు దీని గురించి అక్కడ ఎవరితోనూ అనొద్దు. బాగా తిను. మడమలకు కొబ్బరినూనె రాయి.

అప్ప


ట్రైనింగ్ స్కూలు
18 జూలై 2023

అప్పా,

నిన్న వీణకు ఇంటినుంచి ఊరగాయ సీసా వచ్చింది. దానికి చుట్టిన కన్నడ పేపరులో మన లైను పేరు ఉంది. వీణే చదివి నా ముఖం వైపు చూసింది.

బైరకూరు సొన్నప్ప, నలభై అయిదేళ్లు. పోయిన ఏడాది టమాటా వేసి నష్టపోయి, ఊరూరూ తిరిగి ఆడవాళ్ల రాలిన వెంట్రుకలు కొనుక్కునే మనిషి. వెంట్రుకలు తెచ్చిన పిల్లలకు బుడగలు ఇస్తాడు. చిన్నప్పుడు అమ్మ దువ్వెనలోని చిక్కు తీసుకెళ్లి నేనూ బుడగ తెచ్చుకున్నాను కదప్పా! అలాంటి మనిషికి కాలు రెండుచోట్ల విరిగింది, పక్కటెముకలు విరిగాయి, ఒక కన్ను కనబడుతుందో లేదో చెప్పలేమన్నారంట. కొట్టినవాళ్లు ఎవరో తెలియదని కేసు. లైనులో అడిగితే అందరూ "మేము చూడలేదు" అన్నారంట.

నువ్వూ చూడలేదా?

కట్టుబాటు ప్రకారం జరిగిందని అమ్మ చేత రాయించావు. ఏ కట్టుబాటు? మన బాత్రూములో జారి పడేంత చోటు ఎక్కడుంది? ఆ చెయ్యి ఎలా విరిగిందో నాకు అర్థమైంది. అరవై అయిదేళ్ల మనిషి, చెయ్యి విరిగేట్టు కొడతాడా? రాత్రంతా అదే కళ్ల ముందు. మామను కాపాడడానికే నువ్వు నోరు మూసుకున్నావని కూడా నాకు తెలుసు. అందరికంటే ముందర చెయ్యెత్తింది ఆయనే అయి ఉంటాడు.

నీ గురించి ఇక్కడ ఎంత గొప్పగా చెప్పుకున్నానో నీకు తెలియదు.

జూలియా


22 జూలై

జూలియాకు,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూసి నవ్వొద్దు.

నువ్వు పోలీసువి అయిపోయినావు. మంచిదే. విచారణ లేకుండానే తీర్పు చెప్పినావు. దానికి మా కట్టుబాటు కూడా ఒప్పదు.

నేను ఎవర్నీ కొట్టలేదు. నమ్మితే నమ్ము. ఇంతకంటే రాయను.

సెబాస్టియన్


ఇంజిన్ లైను
23 జూలై 2023

నా తల్లి జూలికి అమ్మ రాసేది,

ఈ జాబు మీ అప్పకు తెలియదు. ఆయన చర్చిలో ఉన్నాడు. ఈ మధ్య పూజ లేనప్పుడు కూడా పోయి కూర్చుంటున్నాడు.

నీ జాబు చదివి ఆయన రెండు రోజులు తినలేదు. నీది తప్పు అనను, దాచింది మేమే. జరిగింది చెబుతాను.

కమ్మీ కొట్టింది ఆయనే. ఆ వీడియోలు చూసీ చూసీ ఆయన మనసులోనూ విషం ఎక్కింది. కానీ దగ్గరికి పోయి చెయ్యి పట్టుకొని రెండు మాటలు అడిగేసరికి ఆయనకు తెలిసిపోయింది. సంచిలో అంతా వెంట్రుకలు, వాటికి బదులిచ్చే స్టీలు గిన్నెలు. "నిలబడండ్రా, ఈయప్ప వెంట్రుకలోడు! పెద్దోళ్లు వచ్చేదాకా ఎవురూ చెయ్యెత్తకూడదు" అని అరిచినాడు. ఎవరు వింటారు? కట్టుబాటు తెలిసిన పెద్దలు సమాధుల్లో ఉన్నారు. ఈ కుర్రవాళ్లకు కమ్మీ మోగితే కొట్టాలని మాత్రమే గుర్తుంది.

మీ అప్ప ఆ మనిషిని గోడకు ఆనించి ముందర నిలబడినాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. వీపు మీద, భుజం మీద దెబ్బలు పడినాయి. ఒకడు ఇనుప రాడ్డుతో ఇద్దరి చేతులు కలిసిన చోట కొట్టినాడు. ఎముక విరిగిన చప్పుడు గడపలో ఉన్న నాకు వినబడింది. అప్పుడు చెయ్యి వదిలిపోయింది. వదిలినాక ఆ మనిషిని ఈడ్చుకుపోయినారు.

ఆ రాడ్డు పట్టింది నా తమ్ముడు. నీ మామ. బావ అని చూడలేదు. లేక చూడలేదని ఇప్పుడు చెబుతున్నాడో. ఏడ్చినాడు, నా కాళ్లు పట్టుకున్నాడు. నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

మామ కోసం మీ అప్ప నోరు మూసుకోలేదు. మూడో ఇంటి పురుషోత్తమ్ కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనాడు కదా, ఆయన వచ్చి చెప్పినాడు. "సెబాస్టియనప్పా, కమ్మీ కొట్టింది నువ్వు. నోరు తెరిస్తే మొదటి ముద్దాయివి నువ్వే. అప్ప మీద కేసు ఉంటే బిడ్డకు పోస్టింగు ఆపేస్తారు" అన్నాడు. ఆరోజు నుంచి మీ అప్ప నోరు కుట్టేసుకున్నాడు. నీకోసం.

నిద్రలో "వదిలేసినానే, వదిలేసినానే" అంటాడు. నలభై మంది చేసిన పనిని ఈయన ఒక్కడే మోస్తున్నాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు, మిగతావాళ్లు తమ పిడికెడు కూడా తీసుకోలేదు.

అమ్మ


ట్రైనింగ్ స్కూలు
28 జూలై 2023

అప్పా,

అమ్మ నాకు రాసింది. ఆమె మీద కోప్పడొద్దు.

నన్ను క్షమించు. నువ్వు కొట్టావని నేను ఎలా అనుకోగలిగానో నాకే తెలియడం లేదు. సంచి చూసి నువ్వు అనుకున్నావు, కట్టు చూసి నేను అనుకున్నాను. నేనూ ఆ నలభై మందిలాగే పరిగెత్తుకుంటూ వచ్చాను.

పోస్టింగు సంగతి. మా మేడమ్‌ను అడిగాను, పేర్లు చెప్పకుండా. ఇంట్లోవాళ్ల మీద కేసు ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోదు, కానీ దాచిపెడితే పోతుంది అంది. విచారణ జరగొచ్చు, నెలలు ఆలస్యం కావచ్చు అని కూడా అంది. నీకు అబద్ధం చెప్పను, ఏమవుతుందో నాకు తెలియదు. ఆ రాత్రి భయపడ్డాను కూడా. రెండేళ్లు చదివాను, ఏడాది పరిగెత్తాను. ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయినా వెళ్లి చెప్పప్పా. పోలీసుగా అడగడం లేదు, ఇంజిన్ లైను పిల్లగా అడుగుతున్నాను. పెద్దలు వచ్చేదాకా కమ్మీ కొట్టినవాడు చెయ్యి వదలకూడదని కదా కట్టుబాటు? ఇంకా పెద్దలు రాలేదు. సొన్నప్పను ఎవరూ విచారించలేదు, ఏ తప్పూ లేదని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. నీ వంతు ఇంకా అయిపోలేదు.

మామ పేరు చెప్పాల్సి వస్తుంది. నాకు తెలుసు. పరుగెత్తిన ప్రతిసారీ ఆయన గొంతు వినిపిస్తుంది నాకు, "ఊపిరి విడువు, ఊపిరి విడువు" అని. అయినా చెప్పు.

నాకోసం ఆగొద్దు. నాకోసం ఆగావని తెలిస్తే ఆ బట్టలు నేను వేసుకోలేను.

నీ జూలి


ఇంజిన్ లైను
6 ఆగస్టు 2023

జూలమ్మకు,

రాసేది మీ అమ్మ. ఈసారి నడుమ ఏమీ కలపనని ఒట్టు పెట్టుకుంది.

నీ జాబు మూడుసార్లు చదువుకున్నాను. మొదటిసారి కోపం వచ్చింది. నా కట్టుబాటుతో నాకే పాఠం చెబుతావా అని. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి లేచి తెల్లచొక్కా వేసుకున్నాను.

లైను మలుపులో నెల్సన్ నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పినారో, చొక్కా చూసే కనిపెట్టినాడో.

"బావా, యాడికి?"

"స్టేషనుకు."

"మా పేర్లు చెప్తావా?"

"మొదట నా పేరు చెప్తాను. ఆ తర్వాత నీది."

"పొయ్యేది నీ బిడ్డ ఉద్యోగం బావా! నా బిడ్డ మాదిరి పరిగెత్తిచ్చినాను దాన్ని."

"పరిగెత్తిచ్చినావు. ఆ బిడ్డే పొమ్మనింది."

దారి వదిలినాడు. నేను పోతుంటే వెనకాల ఏదో అరిచినాడు, నాకు వినబడలేదు. ఒక్కొక్కసారి చెవుడు కూడా మంచిదే.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు "కొట్టినోళ్ల పేర్లు చెప్పు, చాలు. కమ్మీ సంగతి నీకెందుకు తాతా?" అన్నాడు. మంచికే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పిలిచింది నేను, నేను పిలవకపోతే ఎవరూ వచ్చేవాళ్లు కాదు, ముందు అది రాయండి అన్నాను. చెయ్యి వదిలేసిన సంగతి కూడా చెప్పినాను. కింద వేలిముద్ర చాలన్నారు. నేను ఎడమ చేత్తో సంతకమే పెట్టినాను. పావు గంట పట్టింది. పట్టనీ.

మరుసటి రోజు నన్ను ఆసుపత్రికి తీసుకుపోయినారు. సొన్నప్ప మంచం మీద ఉన్నాడు. కాలు పైకి కట్టినారు, ఒక కంటికి కట్టు. ఆయన భార్య నన్ను చూసి పక్కకు తిరిగింది. మంచానికి రెండడుగుల దూరంలోనే ఆగిపోయినాను జూలమ్మా. గనిలో ఎంత లోతుకు దిగినా అట్లా ఆగలేదు.

ఇన్‌స్పెక్టరు అడిగినాడు, "ఈయన్ని గుర్తు పడతావా?"

సొన్నప్ప కట్టు లేని కంటితో నా వైపు చూసినాడు. తర్వాత చెప్పినాడు. నేను వినాలని గట్టిగానే చెప్పినాడు.

"ఈయప్పే సార్ కమ్మీ కొట్టి జనాన్ని పిలిచింది. కొట్టొద్దండ్రా అని నాకు అడ్డం పడి, చెయ్యి ఇరిగేదాకా నన్ను ఇడవకుండా ఉండిందీ ఈయప్పే. రెండూ రాసుకోండి సార్. ఒగటే రాస్తే అబద్ధమైతాది."

నాకు జీవితంలో ఇంత మర్యాద ఎవరూ చేయలేదు. క్షమించినానని ఆయన అనలేదు, నేను అడగలేదు. ఆ కంటికి ఇంక చూపు రాదంట. దానికి నా దగ్గర బదులు లేదు. బతికినంత కాలం ఉండదు.

నెల్సన్‌ను, ఇంకా ఐదుమందిని తీసుకుపోయినారు. కమ్మీని కూడా విప్పుకొని పోయినారు. లైనులో మాతో ఎవరూ మాట్లాడడం లేదు. కొళాయి దగ్గర వరసలో మీ అమ్మ బిందెను ఎవరో పక్కకు నెట్టినారు. ఆమె మళ్లీ తెచ్చి అక్కడే పెట్టి, దాని పక్కనే నిలబడింది. సాయంత్రం తమ్ముడికి ముద్ద కట్టుకొని స్టేషనుకు కూడా ఆమే పోయింది. "తప్పు చేసింది వాడు, వాడి కడుపు కాదు" అనింది. నేను పెళ్లి చేసుకున్నది ఎవర్నో నాకు ఇప్పటికి తెలిసింది.

ప్రస్తుతానికి నా పేరు ముద్దాయిల్లో ఉంది. తర్వాత సాక్షుల్లోకి మారుస్తారేమో అని వకీలు అన్నాడు. మార్చినా మార్చకపోయినా రెండూ నేనే. నీకేమైనా నష్టం వస్తే మాత్రం వెంటనే రాయి, దాచొద్దు. దాచడం ఇంక ఈ ఇంట్లో చాలు.

మీ అప్ప


ట్రైనింగ్ స్కూలు
14 ఆగస్టు 2023

అప్పా,

నీ జాబు పరేడ్ మైదానం పక్కన, మెట్ల మీద కూర్చుని చదివాను. సొన్నప్ప మాట దగ్గర ఆగి వీణను పిలిచి అది మాత్రం గట్టిగా చదివి వినిపించాను. వీణ ఊరికి పోయినప్పుడు బైరకూరు వెళ్లి వాళ్లింట్లోవాళ్లను చూసి వస్తానంది.

నిన్న అందరికీ పోస్టింగుకు ముందు నింపే ఫారాలు ఇచ్చారు. తొమ్మిదో గడి: "కుటుంబ సభ్యులపై క్రిమినల్ కేసులు ఏవైనా ఉన్నాయా?" నా ముందు వరసలో వాళ్లంతా గీత కొట్టేసి లేచిపోతున్నారు. నేను కూర్చునే ఉన్నాను. మేడమ్ వచ్చి "ఏం జూలియా, అర్థం కాలేదా?" అంది. అర్థమైంది మేడమ్ అన్నాను.

"ఉంది" అని రాశాను. "ఎవరు?" అన్నచోట నీ పేరు రాశాను, పూర్తి పేరు, ఇంటి నంబరుతో సహా. "వివరాలు" అన్నచోట వాళ్లు వదిలింది ఒక్క గీతంత చోటు. అందులో జరిగినదాంట్లో సగమే పట్టింది. కాగితం తిప్పి, వెనక వైపు మొదటినుంచి రెండూ రాశాను.

సెబాస్టియన్ కూతురు,
జూలియా